ఫాస్టాగ్ పీకేస్తే మనం ఎక్కడ తిరిగినమో ఎవరికీ తెల్వదా?

మీరు అడిగింది ఏందంటే, ఫాస్టాగ్‌తో మనం ఎప్పుడు ఎటు పోయినమో అంతా రికార్డు అయితుంది, ఇది ప్రైవసీకి దెబ్బ, మరి ట్యాగ్ పీకేసి క్యాష్ కట్టుకుంట తిరగొచ్చా అని. నాది నకిరేకల్, పని మీద హైదరాబాద్ రోడ్డు పట్టుకునే తిరుగుత, మా బావకి మిర్యాలగూడల బియ్యం లోడ్లు కొట్టే లారీలున్నయి, అందుకని ఈ టోల్ లొల్లి రోజూ వినేదే. సూటిగ చెప్తున్న, పీకకండి. పైసలు బొక్క తప్ప దాగేది ఏం లేదు. అట్లని మీ భయం ఉత్తదే అని మాత్రం నేననను.

ఫస్టు పైసల సంగతి. 2021 ఫిబ్రవరి నుంచి నేషనల్ హైవేల మీద ట్యాగ్ తప్పనిసరి చేసిన్రు, లేకపోతే డబుల్ ఉండె. 2025 నవంబర్ 15 నుంచి కొంచెం మార్చిన్రు, 100 రూపాయల టోల్‌కి యూపీఐ అయితే 125, క్యాష్ అయితే 200 అని పెట్టిన్రు. అంత కట్టినా హైదరాబాద్ రోడ్డు మీది పంతంగి టోల్ దగ్గర లేన్‌లకి ఎంటర్ కాంగనే పైనున్న కెమెరాల మీ నంబర్ ప్లేట్ పడనే పడుతది. కొందరు ట్యాగ్ అద్దానికి అంటియ్యకుండ డ్యాష్‌బోర్డుల పెట్టుకొని టోల్ కాడ చేతితోని చూపిస్తుండె, 2025 జులైలో అట్లాంటివి బ్లాక్‌లిస్టుల పెడ్తమని నేషనల్ హైవేలు చూసే ఎన్‌హెచ్‌ఏఐ చెప్పింది, ఆ దారి కూడ బంద్. ఇగ నల్గొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదికెల్లి పోతే టోల్ తగలదు నిజమే, మిగిలిన పైసలు మాత్రం డీజిల్‌కే పోతయి.

ఇంకోటి, మస్తుమంది ట్యాగ్ల జీపీఎస్ ఉంటది అనుకుంటరు. లేదు. అండ్ల బ్యాటరీ కూడ ఉండదు, చిన్న చిప్పు, దానికో యాంటెన్నా అంతే, టోల్ కాడ రీడర్ సిగ్నల్ పంపితేనే నేను ఫలానా ట్యాగ్ అని జవాబిస్తది. ఆ నంబర్ టోల్ వాళ్ల బ్యాంకుకి, ఆడికెల్లి యూపీఐ నడిపే ఎన్‌పీసీఐకి, ఆడికెల్లి మన ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి పోయి పైసలు కట్ అయితయి. 2022ల ఒక పిల్లగాడు చేతి వాచీతోని ట్యాగ్ స్కాన్ చేసి పైసలు కొట్టేసిండని వీడియో తిరిగింది చూడండి, అది ఉత్త డ్రామా. ట్యాగ్ మీద భయపడాల్సిన పని లేదు, టోల్ దాటినంక ఆ రికార్డు ఎవరి చేతిల ఉంటదో దాన్ని చూసి భయపడాలె.

నేను కండ్లారా చూసింది చెప్త. బావ ఇంట్ల కూసుని ఉన్న, ఆయన డ్రైవర్‌కి ఫోన్ కలిపి స్పీకర్ల పెట్టిండు, "మాడ్గులపల్లి టోల్ కట్ అయి మూడు గంటలాయె, పంతంగి మెసేజ్ ఇంకా రాలె, ఏడున్నవ్ రా?" అని. అవతల నుంచి "నార్కట్‌పల్లిల టైర్ గాలి చూపిస్తున్న సేటు." మూడు గంటలు గాలి! బావ నవ్వి "అత్తగారింట్ల కోడి కోసిన్రా ఏంది" అన్నడు, ఆ పిల్లగాడు ఇంక మాట్లాడలే. బావ మంచోడు కాబట్టి నవ్విండు, వేరే సేటు అయితే ఆ పూట బత్తా కట్. గవర్నమెంటు చూస్తది చూస్తది అంటరు గానీ ముందుగాల చూసేది ట్యాగ్ మీద ఎవరి ఫోన్ నంబర్ ఉంటే వాళ్లు, సేటు కావచ్చు, ఇంట్లోళ్లు కావచ్చు. అమెరికాల ఈజీపాస్ అని ఇసొంటి ట్యాగే ఉంది, దాని రికార్డులు విడాకుల కేసులల్ల కోర్టు దాక పోయినయి.

ఆ రికార్డు ప్రతిసారి నిజమే చెప్తదా అంటే అదీ లేదు. మా కారు ఇంటి ముందర వేపచెట్టు కింద ఉంది, నేను ఆడనే బనీన్ మీద నిలవడి ఛాయ్ తాగుతున్న, బెంగళూరు రోడ్డు మీద ఏదో టోల్ల పైసలు కట్ అయినట్టు మెసేజ్. ఆడ ఎవరో నంబర్ చేత్తోని కొట్టేటప్పుడు ఒక అంకె అటిటు అయినట్టుంది. హైవే హెల్ప్‌లైన్ 1033కి, బ్యాంకుకి కంప్లైంట్ చేస్తే కొన్ని రోజులకి పైసలైతే వాపస్ వచ్చినయి. కానీ ఆ టైంల ఆ దిక్కు ఏదన్న కేసు అయ్యుంటే, నేను ఆడ లేను అని నేనే నిరూపించుకోవాలె కదా.

గవర్నమెంటు సంగతికొస్తే, 2021 జనవరి నుంచి సరుకు లోడుకి తీసే ఈ-వే బిల్లుని ఫాస్టాగ్‌కి కలిపిన్రు, ఏ లారీ ఏ టోల్ ఎన్నింటికి దాటిందో జీఎస్టీ వాళ్లకి కనిపిస్తది. దొంగ బిల్లుల మీద లోడ్లు కొట్టేటోళ్లని పట్టుకుంటే నాకేం బాధ లేదు. కానీ టోల్ కోసమని తీసుకున్న రికార్డు ఇంకో పనికి పోయింది కదా, మిమ్మల్ని నన్ను అడిగిన్రా? ఈ ఫాస్టాగ్ పెట్టిన కేంద్ర రోడ్డు రవాణా శాఖనే 2019ల బండ్ల రిజిస్ట్రేషన్ డేటా అమ్మేటందుకు పాలసీ పెట్టింది, కంపెనీలకి ఏడాదికి 3 కోట్లు రేటు, 2020ల మల్ల వాపస్ తీసుకుంది. అందుకే "ఫోన్‌ల లొకేషన్ ఎట్లాగూ పోతుంది కదా" అనేటోళ్ల మాట నాకు నచ్చదు. ఫోన్ నేను ఇంట్ల పెట్టి పోవచ్చు, ట్యాగ్ లేకుండ పోతే ఎక్కువ కట్టాలె.

కోర్టుల నిలబడుతదా అంటే కష్టమే. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుల తొమ్మిది మంది జడ్జిలు చెప్పిన్రు, అది గట్టి తీర్పే, కానీ ఫాస్టాగ్ తప్పనిసరి చేసుడు మీద వేసిన పిల్‌ని 2025 మార్చిల బాంబే హైకోర్టు కొట్టేసింది. 2023 డేటా రక్షణ చట్టంల కూడ గవర్నమెంటుకి మినహాయింపులు బాగానే ఉన్నయి. నాకు తోచింది ఏందంటే ట్యాగ్ వద్దు అని కొట్లాడుడు కంటే, నా టోల్ రికార్డు ఎన్ని రోజులు దాస్తరు, ఎవరు అడిగితే ఇస్తరు అని ఆర్టీఐ పెట్టి అడుగుడు నయం.

మీ చేతిల ఉన్నది మాత్రం ఈ వారంలనే చేసుకోండి. ట్యాగ్ మీద ఏ ఫోన్ నంబర్ ఉందో యాప్‌ల చూడండి, షోరూంల వాళ్ల నంబరో పాత ఓనర్ నంబరో ఉంటే మార్పించుకోండి. బండి అమ్మితే ఆర్సీ ఒక్కటి మార్చి ఊకోకండి, బ్యాంకుల చెప్పి ట్యాగ్ కూడ క్లోజ్ చేయించండి, మా దోస్తు అమ్మిన కారు ఇప్పటికీ ఎటు పోతే అటు ఆయనకి మెసేజ్ వస్తనే ఉంది, కొన్నాయన తిరుపతి పోయింది కూడ తెల్సు.