తాతయ్య కోసం గుడిలో వెతుకుతున్న బిడ్డ

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు, పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. ఆరు నెలల క్రితం మా మామగారు పోయారు. కర్మకాండ రోజుల్లో వాడిని పక్కింట్లో ఉంచి, ‘తాతయ్య స్వామి దగ్గరికి వెళ్లారు’ అని చెప్పాం. అప్పటినుంచి సరిగా తినడు, నిద్రపోడు. శనివారం ఆంజనేయస్వామి గుడిలో మాత్రం కుదురుగా కూర్చుని, గర్భగుడిలోకి తొంగిచూస్తుంటాడు. ఒక ఆశ్రమంలో 40 రోజులు వదిలితే నయమవుతుందని మా ఆడపడుచు అంటోంది. పంపమంటారా?

జవాబు: అమ్మా, పంపవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, నయమవుతుందన్న నమ్మకంతో తమవారిని వదిలివెళ్లిన ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచి, గొలుసులతో కట్టి ఉంచిన కారణంగా తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. అన్ని ఆశ్రమాలూ అలాంటివని నేననను. కానీ తాతగారిని పోగొట్టుకున్న పిల్లవాడిని ఇంటికి కూడా దూరం చేయడం వైద్యం కాదు.

గర్భగుడిలోకి ఎందుకు తొంగిచూస్తున్నాడో గమనించారా? మీరు చెప్పిన మాటను అతను ఉన్నదున్నట్టుగా నమ్మాడు కాబట్టి, బహుశా తాతయ్య అక్కడే ఉన్నారేమోనని వెతుకుతున్నాడు. ‘తాతయ్య చనిపోయారు, ఇక తిరిగిరారు, మనందరికీ బాధగానే ఉంది’ అని, ఫొటో చూపిస్తూ, అవే చిన్న మాటల్లో ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పండి. ఆ తర్వాతే భక్తి అతనికి ఆసరా అవుతుంది. వచ్చే మాసికం నాడు కాకికి పిండం పెట్టేటప్పుడు అతన్ని పక్కన నిలబెట్టుకోండి; సంవత్సరీకం నాడూ అంతే. గుడిలో తమలపాకుల బుట్ట పట్టుకోవడమో, ప్రసాదం పంచడమో వారం వారం అదే పని అతనికి అప్పగించమని అర్చకులను అడగండి, ఎందుకంటే రేపేం జరుగుతుందో తెలియని కలవరంలో ఉన్నవారికి మారని క్రమమూ, పేరుపెట్టి పిలిచే నలుగురూ ఎంతో ధైర్యాన్నిస్తారు. పూర్వజన్మ పాపమంటూ అతని ఎదుట మాట్లాడేవారిని మాత్రం నిర్మొహమాటంగా ఆపండి.

తిండి, నిద్ర ఆరు నెలలుగా తప్పడాన్ని ‘వాడి స్వభావమే అంత’ అని వదిలేయకూడదు. అది కుంగుబాటు కావచ్చు, చెప్పుకోలేని పంటినొప్పి కావచ్చు, థైరాయిడ్ సమస్యా కావచ్చు. ముందు మామూలు వైద్యుడికి, తర్వాత మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. వెళ్లేటప్పుడు సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) వెంట ఉంచుకోండి. ఆసుపత్రికి బయలుదేరే ముందు అతను గుడికి వెళ్లివస్తానంటే, కాదనకండి.