ఆరో నెలలో లిథియం పనిచేయనట్టుంటే ముందు రక్తపరీక్ష

గర్భిణి అయిన మీ చెల్లెలు మనఃస్థితిని నిలకడగా ఉంచే లిథియం మందు వాడుతోందన్నారు. మాత్ర అదే, మోతాదు అదే, అయినా ఆరో నెలలో ఆమెకు నిద్ర తగ్గి మాటల వేగం పెరిగిందంటే, రక్తంలో లిథియం తగ్గి ఉండవచ్చు. గర్భిణుల మూత్రపిండాలు దాన్ని మామూలుకంటే త్వరగా బయటికి పంపేస్తాయి.

1. ఈ వారమే సీరం లిథియం పరీక్ష (రక్తంలో లిథియం ఎంతుందో చూసేది) చేయించండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. ఫలితం సైకియాట్రిస్టుకు చూపండి. మోతాదు మీరుగా మార్చవద్దు. భయపడి హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.

2. ఆపై నెలకోసారి, 36వ వారం నుంచి వారానికోసారి.

3. చాలామంది మరిచేది కాన్పు మర్నాడు చేయాల్సిన పరీక్ష. మా అక్క విషయంలో మేమూ మరిచాం. బిడ్డ పుట్టాక మూత్రపిండాల వేగం తగ్గిపోతుంది; గర్భంలో పెంచిన మోతాదే కొనసాగితే అది విషం కావచ్చు. కాన్పు తర్వాత ఎంత వేయాలో సైకియాట్రిస్టుతో ఇప్పుడే కాగితం మీద రాయించి, ఆసుపత్రి సంచిలో పెట్టండి. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వవద్దనీ అందులో ఉండాలి. అవి లిథియాన్ని పెంచుతాయి.

చేతులు బాగా వణికినా, వాంతులైనా, తూలినా, మాట ముద్దగా వచ్చినా లిథియం ఎక్కువై ఉండవచ్చు; వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

4. లిథియం తల్లిపాలలోకి చేరుతుంది. పాలు పట్టే విషయం కాన్పుకు ముందే డాక్టరుతో తేల్చుకోండి. రాత్రిళ్లు బిడ్డను మీ అమ్మగారికి అప్పగించి, చెల్లెలిని నిద్రపోనివ్వండి.

పరీక్షలోపే నిద్ర పూర్తిగా పోతే ఆగవద్దు, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.