కారు షెడ్డు చూరు: ఫేసియా వెనక ఏ చెక్క?

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

అలిపిరి దగ్గర వేస్తున్న కారు షెడ్డు చూరుకు మూడు పక్కలా తెల్ల పీవీసీ ఫేసియా, అంటే చూరు అంచును కప్పే నిలువు పలక, బిగిస్తానన్నావు. ముందు ఆ పలక మందం కొలిచి చూడు. 18 మి.మీ. పలకైతే వాసాల కొసలకే నేరుగా బిగించొచ్చు. నువ్వు రాసింది 9 మి.మీ. రకం. అది పైముసుగు, అంతే. దాని వెనక చెక్క తెగకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగాలి, ఎందుకంటే చూరు నీళ్లు పట్టే గట్టరు బరువు మోసేది ఆ చెక్కే. 6 అంగుళాల అరగొట్టం గట్టరు నిండితే మీటరుకు 9 కిలోల నీళ్లు, 18 అడుగుల పక్కకు 50 కిలోల దాకా వస్తుంది. పైగా మీ పక్క కోతులు గట్టరు పట్టుకుని ఊగక మానవు.

కనబడని చోట టేకు దండగ. పాత పెంకుటిల్లు విప్పిన చోట వేప, టేకు దూలాలు దొరికితే కోయించు. ఏళ్ల తరబడి ఎండిన చెక్క ఇక వంకర పోదు. రంపానికి ముందు మేకులన్నీ పీకించు, కొట్టి చూసి గుల్లగా మోగితే వదిలెయ్. తాటి వాసాలు మాత్రం వద్దు, పలకగా కోస్తే నార నారగా చీలిపోతాయి. మామిడి పురుగుకు మేత. తుమ్మ గట్టిదే గానీ ముందుగా బెజ్జం వేయకపోతే మేకు దగ్గర పగులుతుంది, మామూలు ఇనుప మేకులు దిగ్గొడితే నల్లటి చారలు కారతాయి. పైన్ తిన్నగా, తేలిగ్గా ఉంటుంది, కాకపోతే ప్రెజర్ మీద మందు పట్టించినదే తీసుకో. ఎవరైనా ఎర్రచందనం చవగ్గా ఇస్తానంటే ఆ మాట చెవిన వేసుకోకు, జైలు బేరం అది.

ఏ జాతిదైనా చేవ, అంటే మాను నడుమనుండే ముదురు చెక్క, చూసి తీసుకో. అంచున తెల్లచెక్క ఎక్కువుంటే చెదలు, పురుగు అక్కడే మొదలవుతాయి. తేమ సంగతి కలప డిపోవాళ్ల నోటిమాటకు వదలొద్దు. అడుగు ముక్క కోసి తూకం వేయించు, నాలుగు రోజులు ఎండలో పెట్టి మళ్లీ తూయించు. బరువు బాగా తగ్గితే అది పచ్చి చెక్క. దాన్ని బిగిస్తే ఎండాకాలానికి మెలి తిరిగి పలకను కూడా తనతో వంచుతుంది. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, కొనేదేదో ఆ లోపలే కొను.

లెక్క ఇది: మూడు పక్కలూ 10, 18, 18 కలిపి 46 అడుగులు. తరుగుతో 50 పట్టుకో. 6 అంగుళాల వెడల్పు, అంగుళం మందం అనుకుంటే 50ని 6తో హెచ్చించి 144తో భాగించు, 2 ఘనపుటడుగుల పైచిలుకు వస్తుంది. చిత్రిక పట్టాక అంగుళం కాస్తా 22 మి.మీ. అవుతుంది, అంతకు తగ్గనివ్వొద్దు. పలకతో కలిపి 31 మి.మీ., అంటే గట్టరు కొక్కేనికి అంగుళంపావు స్క్రూ సరిగ్గా సరిపోతుంది. వాసాల బదులు వేసిన ఫ్రేము పైపులు రెండడుగులకు ఒకటి ఉంటేనే ఈ లెక్క. మూడు, నాలుగు అడుగుల ఎడముంటే ఒకటిన్నర అంగుళాల చెక్క వేయించు, లేకపోతే నడుమ జారుతుంది.

కోసిన కొసలకు రెండు పూతలు ప్రైమర్ తప్పనిసరి, నీళ్లు తాగేది అక్కడే. పాత ఇంజనాయిలు పూస్తామంటారు, వద్దను. దాని మీద రంగు నిలవదు. పురుగు పట్టకుండా పూసే బోరాక్స్ మందు వానకు కడుక్కుపోతుంది కాబట్టి బయటి పనికి పనికిరాదు. చెక్క పై అంచుకూ రేకుకూ మధ్య 10 మి.మీ. ఖాళీ ఉంచి జాలీ కొట్టించు, లేకపోతే ఉడతలు కాపురం పెడతాయి.

పలకకు ప్లాస్టిక్ తల ఉన్న స్టెయిన్‌లెస్ మేకులు, రెండడుగులకు రెండేసి. 16 అడుగుల పలక 30 డిగ్రీల వేడి తేడాకు 8, 9 మి.మీ. సాగుతుంది. అందుకే ప్రతి కొసా 5 మి.మీ. వదలమను. మేస్త్రీలు అందం కోసం అంచుకు అంచు ఆనిస్తారు, మే నెలకల్లా నడుమ ఉబ్బుతుంది.

చెక్కను నీటిమట్టానికి తిన్నగానే బిగించమను. వాలు గట్టరు కొక్కేలతో పెట్టాలి, పది అడుగులకు పావు అంగుళం. రేకు గట్టరులోకి రెండు అంగుళాలు దిగాలి. కూలివాళ్లు వెళ్లకముందే రెండు బిందెల నీళ్లు పోయించి చూడు.

మీ మామ, చిత్తూరు