రక్తం వస్తోందని ఆ పక్క తోమడం మానేయొచ్చా?

"కింది పళ్ళ లోపలివైపు రక్తం వస్తోంది, అందుకని అక్కడ బ్రష్ పెట్టడం మానేసి మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తున్నాను, సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదండీ. రెండేళ్ళ కిందట నేనూ అచ్చం ఇదే చేశాను, అందుకే రాస్తున్నాను.

నాది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఒకరోజు కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఉప్పూకారం చల్లిన జామకాయ కొరికితే, తెల్లటి గుజ్జు మీద నా పళ్ళ అచ్చు ఎర్రగా పడింది. నొప్పి మాత్రం లేదు. చిగుళ్ళ జబ్బుతో చిక్కే అది, చాలాకాలం నొప్పి తెలియనివ్వదు.

గాజువాకలో డాక్టరమ్మ గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని పంటికీ చిగురుకీ మధ్య దింపుతూ "రెండు, మూడు, ఐదు, ఆరు" అంటుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంది. అవి మిల్లీమీటర్లు. మూడు దాకా ఫర్వాలేదట. నేను తోమడం మానేసిన చోటే ఐదులూ ఆరులూ వచ్చాయి.

ఆవిడ చెప్పింది నా మాటల్లో చెబుతాను. మన నోట్లో వందల రకాల బ్యాక్టీరియా ఉంటాయి, చాలావాటితో మనకు పేచీ లేదు. తోమిన కొద్ది గంటల్లోనే స్ట్రెప్టోకాకస్ రకాలు పంటికి అంటుకుంటాయి. అవి ఆక్సిజన్ వాడేసుకుంటుంటే పాచి అడుగున గాలాడని చోటు తయారవుతుంది. తర్వాత సన్నగా పొడుగ్గా ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం వచ్చి వాటికి అతుక్కుంటుంది. గాలి గిట్టని పార్ఫైరోమొనాస్ జింజివాలిస్, ట్రెపొనీమా లాంటివి దాన్ని పట్టుకుని చేరతాయి. ఒకటి వదిలేసింది ఇంకొకదానికి తిండి. జింజివాలిస్‌కి ఇనుము కావాలి, అది రక్తంలో దొరుకుతుంది. అంటే చిగురు వాచి రక్తం వచ్చేకొద్దీ మనమే దానికి మేత వేస్తున్నట్టు. ఈ గుంపుతో మన ఒళ్ళు చేసే పోరాటంలోనే పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది.

పాచి అంటే ఈ బ్యాక్టీరియా కట్టుకున్న జిగురు పొరే, మౌత్‌వాష్ దాన్లోకి సరిగా దిగదు. పాచి గట్టిపడి గార కట్టిందంటే ఇక బ్రష్‌కి లొంగదు, క్లీనింగే దారి. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయిరా" అని మా అమ్మ ఎంత భయపడిందో! గార తీశాక పళ్ళ మధ్య సందులు కనిపించిన మాట నిజమే. కానీ ఎముక అంతకుముందే తరిగింది, ఆ ఖాళీని గార కప్పి ఉంచింది, అంతే.

1965లో డెన్మార్క్ పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతుల చేత బ్రష్ మాన్పించి చూశారు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెడితే దాదాపు వారంలో తగ్గాయి. మీది ఇంకా ఆ దశలోనే ఉండొచ్చు.

మెత్తటి బ్రష్‌తో, రక్తం వచ్చినా సరే, చిగురు అంచున నెమ్మదిగా తోమండి. ఈ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్ళి లోతు కొలిచి అంకెలు చెప్పమనండి. షుగర్ ఉంటే ముందే చెప్పండి, చిగుళ్ళ జబ్బును అది బాగా ముదరబెడుతుంది. మూడు నెలల తర్వాత మళ్ళీ కొలిస్తే నా ఐదులు మూడుకి వచ్చాయి. ఆరు ఉన్నచోట నాలుగుంది, దానికోసం ఇంకా వెళ్తూనే ఉన్నాను.