ఇంగ్లీష్ పీరియడ్‌లో ప్రపంచ సమస్యలు చెప్పాలా?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెబుతాను. వాతావరణ మార్పు, శరణార్థులు లాంటి విషయాల మీద తొమ్మిదో తరగతి పిల్లల చేత మాట్లాడిద్దామంటే ఎవరూ నోరు విప్పరు. నాలుగు వాక్యాలు రాని పిల్లలకు ఇవెందుకు, సైన్స్, సోషల్ వాళ్లు చూసుకుంటారు కదా అని తోటి టీచర్లు అంటున్నారు. సిలబస్ టెన్షన్ ఎలాగూ ఉంది. మానేయమంటారా?

జవాబు: మానేయొద్దు టీచర్ గారూ, మొదలుపెట్టే చోటు మార్చండి. శరణార్థుల గురించి తెలుగులో అడిగినా ఆ పిల్లలు పెద్దగా చెప్పలేరు. తెలియని సంగతిని రాని భాషలో చెప్పమంటే ఎవరికైనా మాట పెగలదు. బాగా తెలిసిన సంగతి ఇవ్వండి, అప్పుడు కష్టమల్లా ఇంగ్లీష్ ఒక్కటే.

మీ జిల్లాలో ఫ్లోరైడ్ కంటే తెలిసిన సంగతి ఏముంది? తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంతకు మించి ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం పిల్లలు ఇంట్లో వినే ఉంటారు. ఇథియోపియా, కెన్యా, టాంజానియాల్లోనూ ఇదే బాధ ఉంది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి, తేరనిచ్చి, వడపోసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆ పేరుతోనే తూర్పు ఆఫ్రికాలోనూ దాన్ని వాడి చూశారు. ఈ మాట చెప్పి పిల్లల ముఖాలు చూడండి.

ఇక సిలబస్ అంటారా, 'లైమ్ ఈజ్ యాడెడ్', 'ద వాటర్ ఈజ్ ఫిల్టర్డ్' అని ఆ పద్ధతిని వరసగా రాయిస్తే ప్యాసివ్ వాయిస్ అయిపోయినట్టే. ముందు గుంపులుగా తెలుగులోనే మాట్లాడుకోనివ్వండి, వాళ్లకు కావాల్సిన ఇంగ్లీష్ మాటలు బోర్డు మీద రాసిపెట్టండి, ఆ తర్వాతే ఇంగ్లీష్ వాక్యాలు అడగండి. ఇథియోపియాలో తమ వయసు పిల్లలకు ఉత్తరం రాయమంటే లెటర్ రైటింగ్ కూడా అయిపోతుంది. సైన్స్ టీచర్‌ని ఒక పీరియడ్‌కి పిలిస్తే ఆయన ఇంకెప్పుడూ ఇది మా పని అనరు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ ఇంట్లో ఎవరికి ఉంది అని తరగతిలో అడగొద్దు. గారపళ్లున్న పిల్లవాడో, మంచాన పడ్డ తాత ఉన్న అమ్మాయో అక్కడే కూర్చుని ఉంటారు, వాళ్లను ఉదాహరణ చేస్తే మళ్లీ ఎప్పుడూ నోరు తెరవరు. బాధ దగ్గరే ఆపేయొద్దు కూడా. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కూడా కొన్ని ఇళ్లలో క్యాన్ నీళ్లు ఎందుకు కొంటున్నారు అని అడగండి, తలా ఒక మాట అంటారు. 'ఐ అగ్రీ, బట్' అని కాదనడం నేర్పాల్సింది అప్పుడే. మీ అభిప్రాయం చివర్న చెప్పండి, మార్కులు మాత్రం ఎంత బాగా చెప్పారన్న దానికే వేయండి.

శరణార్థుల పాఠం సంక్రాంతి తర్వాత పెట్టుకోవచ్చు. నాగార్జున సాగర్ కింద మునిగిన ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు మీ చుట్టుపక్కల ఉంటే, సొంత ఊరు వదిలి రావడం ఎలా ఉంటుందో ఆ పెద్దవాళ్లను అడిగి రమ్మనండి.