పారిస్‌లో గురువారం సాయంత్రం ఎంతలో గడపొచ్చు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పారిస్‌లో మాస్టర్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి 22 లక్షల విద్యారుణం తీసుకున్నారు, వడ్డీ 11 శాతం. ఆయన పంపేదీ, వారాంతంలో పని చేసి నేను సంపాదించేదీ కలిపి నెలకు 850 యూరోలతో సర్దుకుంటున్నాను. చిక్కంతా గురువారంతోనే. ఆ సాయంత్రం మా క్లాసు వాళ్లంతా బార్‌కి వెళ్తారు. పోయిన వారం ఎనిమిదిన్నరకు వెళ్లాం. రెండు పింట్ల (అరలీటరు గ్లాసుల) బీరుకు 16 యూరోలు, తిండిలో నా వాటా 9, మొత్తం 25. ఇండియా డెబిట్ కార్డుతో కట్టాను. ఇలా నెలకు వంద దాటుతోంది. మానేస్తే వారమంతా నాతో మాట్లాడే మనిషి ఉండడు. హ్యాపీ అవర్‌లో, అంటే బార్లు ధరలు తగ్గించే వేళల్లో, వెళ్తే చాలా మిగులుతుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా? అసలు ఇల్లు తాకట్టులో ఉండగా ఇలా ఖర్చు పెట్టడం తప్పా? ఇంట్లో చెప్పలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు చెప్తాను. తప్పు కాదు. తాగాలా వద్దా అన్నది మీ ఇష్టం, అందులో నేను కల్పించుకోను. కానీ తోడు లేకుండా రెండేళ్లు గడపమని ఏ లెక్క కోసమూ ఎవరికీ చెప్పను. ఖర్చుకు భయపడి గది దాటకుండా ఉండిపోయి, మొదటి సెమిస్టర్ అయ్యేసరికి ఇంటికి వచ్చేస్తానని ఫోన్లో ఏడ్చిన పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చారు. కట్టిన ఫీజు, టికెట్లు, పోయిన ఏడాది, అన్నీ కలిపి ఆ ఇళ్లకు తగిలిన దెబ్బ ముందు మీ గురువారాల ఖర్చు చాలా చిన్నది. పైగా రేపు ఇంటర్న్‌షిప్ ఎక్కడుందో మీకు చెప్పేది ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే. కాబట్టి వెళ్లండి. 25 యూరోలు మాత్రం ఎక్కువ. దాన్ని తగ్గించే దారి ఉంది.

హ్యాపీ అవర్ గురించి మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. పారిస్ బార్లలో అది ఎక్కువగా సాయంత్రం ఐదింటి ప్రాంతంలో మొదలై ఎనిమిదింటికి ముగుస్తుంది. కొన్నిచోట్ల నాలుగింటికే మొదలుపెడతారు, విద్యార్థులు తిరిగే వీధుల్లో తొమ్మిది దాకా కూడా సాగుతుంది. ఆ వేళల్లో ఏడెనిమిది యూరోల పింట్ ఐదారు యూరోలకు దిగుతుంది. పది, పన్నెండు యూరోల కాక్‌టెయిల్ ఆరేడుకు వస్తుంది. మా మేనకోడలిని చూడటానికి పారిస్ వెళ్లినప్పుడు 13వ వార్డులో బ్యూత్ ఓ కాయ్ అనే చిన్న గుట్ట మీది వీధులకు తీసుకెళ్లింది. ప్రతి బార్ ముందూ ఒక నల్ల పలక, దాని మీద చాక్‌పీసుతో రెండు వరసల ధరలు. ఎనిమిదికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఫ్రాన్స్‌లో ధరల పట్టిక బయటికి కనపడేలా పెట్టాలన్నది చట్టం. అందుకని లోపలికి వెళ్లి అడిగే మొహమాటం మీకు అక్కర్లేదు, బయట నిలబడి చదువుకోవచ్చు.

మరి మిగతా సగం? ఎనిమిదింటి తర్వాతే అసలు ఖర్చు మొదలవుతుంది. ఆరున్నరకు చేరి 5.50కి ఒక పింట్ తీసుకున్నారనుకోండి. కబుర్లు నడుస్తాయి, ఎనిమిది దాటుతుంది. రెండో పింట్ ఎనిమిది యూరోలు. తొమ్మిదికి ఆకలేస్తుంది, బల్ల మీదికి ఫ్రైస్, చీజ్ వస్తాయి. పదకొండుకు లేచేసరికి మళ్లీ 22 దగ్గరే ఉంటారు. గ్లాసు దగ్గర మిగిలిన రెండున్నర యూరోలు సాయంత్రం దగ్గర పోయాయి. అందుకే నా క్లయింట్లతో ఎప్పుడూ, ఇంటి నుంచి బయల్దేరి మళ్లీ ఇంటి తలుపు తీసేవరకు ఎంతయిందో అదే రాయమంటాను. గ్లాసు ధర విడిగా రాస్తే అది మనల్ని మోసం చేస్తుంది.

ఆ లెక్కన మీ సాయంత్రాన్ని మళ్లీ కట్టుకుందాం. మీరు చేయాల్సిన మొదటి పని బార్‌లో కాదు, మీ వంటింట్లో. ఐదున్నరకు ఇంత పెరుగన్నమో, పప్పన్నమో తినండి. ఖాళీ కడుపుతో తాగితే ఆరోగ్యానికీ చెడ్డే, తొమ్మిదింటికి ఆ తొమ్మిది యూరోల వాటా ఖర్చూ తప్పదు. మీ 25లో మూడో వంతు కంటే ఎక్కువ పోయింది తిండికే. బీరు కంటే ముందు తగ్గాల్సింది అది.

తర్వాత వేళ. మీ గుంపు ఎనిమిదిన్నరకు కలవడం అలవాటు చేసుకున్నట్టుంది. క్లాసు అయిపోగానే ఆరింటికి కలుద్దామని మీరే అడగండి. అక్కడున్న చాలామంది మీలాగే లెక్క చూసుకునేవాళ్లే, ఎవరో ఒకరు ముందు అంటే బాగుండునని ఎదురుచూస్తుంటారు. ఊరు తెలియకపోతే మిస్టర్ గుడ్ బీర్ అనే యాప్‌లో పారిస్ బార్ల బీరు ధరలు, హ్యాపీ అవర్ వేళలు మ్యాప్ మీద కనిపిస్తాయి. వెళ్లే ముందు పలక మీద సరిచూసుకోండి, ధరలు మారుతుంటాయి. షాంజెలీజే, సాన్ జెర్మాన్ దె ప్రే వైపు వద్దు, అక్కడ కుర్చీకే డబ్బు కట్టినట్టు ఉంటుంది. రూ ముఫ్తార్, బాస్తీ దగ్గర రూ ద లాప్, ఒబెర్కాంఫ్, బెల్‌విల్, నేను చెప్పిన బ్యూత్ ఓ కాయ్, ఇవి విద్యార్థుల జేబుకు అందే చోట్లు.

ధరల పట్టిక చదివేటప్పుడు కొలత చూడండి. పింట్ అంటే 50 సెంటీలీటర్లు, దెమి అంటే అందులో సగం, 25. హ్యాపీ అవర్ తగ్గింపు చాలాచోట్ల పింట్ మీదే పెద్దక్షరాలతో రాస్తారు. మీకు సగమే చాలనుకుంటే దెమి అడగడంలో చిన్నతనం లేదు, ఫ్రెంచ్ వాళ్లూ చాలామంది అదే తాగుతారు. మామూలు కెఫేల్లో కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర ఉండొచ్చు, అదీ పట్టికలో ఉంటుంది. బిల్లులో సర్వీస్ ముందే కలిసి ఉంటుంది కాబట్టి టిప్ ఇవ్వాలన్న బెంగ పెట్టుకోకండి.

రెండో గ్లాసు గురించి ఒక మాట. ఎనిమిది కొట్టబోతుందని చివరి ఐదు నిమిషాల్లో రెండేసి పింట్లు తెప్పించి ముందు పెట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. దయచేసి అది చేయకండి. రెండున్నర యూరోలు మిగల్చడానికి వద్దనుకున్నది తాగడం డబ్బు లెక్కలోనూ నష్టమే, ఒంటికీ నష్టమే. దానికి బదులు నీళ్లు అడగండి. "యూన్ కరాఫ్ దో, సిల్ వూ ప్లే" అంటే కుళాయి నీళ్లు సీసాలో తెచ్చిపెడతారు, ఉచితం. బార్లు, హోటళ్లు తాగే నీళ్లు ఉచితంగా ఇస్తామన్న సంగతి కనపడేలా రాయాలని 2022 జనవరి నుంచి చట్టమే ఉంది. మీరు ఒక గ్లాసు కొన్న కస్టమర్, నీళ్లడగడం మీ హక్కు. ఇంకొకటి చాలామందికి తెలియదు. 2009లో వచ్చిన ఆరోగ్య చట్టం ప్రకారం, హ్యాపీ అవర్‌లో మద్యం ధర తగ్గించే బార్ ఆ వేళలో మద్యం లేని పానీయాలు కూడా తగ్గింపు ధరకే ఇవ్వాలి. ఏదో ఒక గురువారం తాగాలనిపించకపోతే జ్యూస్‌కు పూర్తి ధర కట్టకండి, పట్టికలో తగ్గింపు ధర ఎక్కడుందో అడగండి. బీరు చౌక, జ్యూస్ ఖరీదు అయితే తాగనివాడు కూడా తాగడం మొదలుపెడతాడు. ఆ చట్టం పెట్టినవాళ్లు ఈ సంగతి గమనించారు, నాకు అది చాలా నచ్చింది.

కార్డు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది రేపే సరిచేయగలిగింది. మీ ఇండియా డెబిట్ కార్డు మీద విదేశీ మారకం మార్కప్ (బ్యాంకు అదనంగా వేసే రుసుము) 3.5 శాతం ఉందనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 4.13 శాతం ప్రతిసారీ పోతోంది. ఫ్రాన్స్ ఖాతా కార్డు ఉంది కదా, అదే వాడండి. తప్పక ఇండియా కార్డే వాడాల్సివస్తే, మెషిన్ "రూపాయల్లో కడతారా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలే ఎంచుకోండి. రూపాయలు అంటే మారకం రేటు వాళ్లిష్టం అవుతుంది. ఇంకో చిక్కు, చిన్న కెఫేల్లో ఐదు లేదా పది యూరోలు దాటితేనే కార్డు తీసుకుంటామని బోర్డు పెడతారు. 5.50 బిల్లుకు కార్డు చెల్లక రెండో గ్లాసు తెప్పించుకున్నవాళ్లను కళ్లారా చూశాను. జేబులో నోట్లు ఉంచుకోండి. నిజానికి గురువారం కార్డు ఇంట్లోనే పెట్టి, అనుకున్న డబ్బు నోట్ల రూపంలో తీసుకెళ్లడం అన్నిటికంటే మంచిది. మెట్రో కోసం నావిగో పాస్ ఎలాగూ ఉంటుంది.

అనుకున్న డబ్బు ఎంత? నెలకు 45 యూరోలు పెట్టుకోండి. రెండు గురువారాలు హ్యాపీ అవర్‌లో రెండేసి పింట్లు, 22 యూరోలు. ఒక గురువారం ఒక్క పింటు, తర్వాత నీళ్లు, 5.50. మిగిలిన దాంతో ఒక గురువారం బార్ మాని అందరూ కలిసి భోజనానికి వెళ్లండి. 1896 నుంచి నడుస్తున్న బుయోం షార్తియే లాంటి చోట పదిహేను, పదిహేడు యూరోల్లో కడుపునిండా తినొచ్చు. ఐదు గురువారాలు పడిన నెలలో ఐదోది మీ గదిలో పెట్టుకోండి. పులిహోర కలిపి పిలవండి, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుంటారు. ఎండాకాలంలో సీన్ నది గట్టు మీద కూర్చోవడం కూడా బాగుంటుంది, సూపర్‌మార్కెట్‌లో కొన్న బీరు డబ్బా బార్ ధరలో మూడో వంతుకు వస్తుంది. కాకపోతే కొన్నిచోట్ల, కొన్ని వేళల్లో బయట తాగకూడదన్న ఉత్తర్వులు ఉంటాయి, బోర్డు చూసుకుని కూర్చోండి.

ఇంటికి చేరే దారి కూడా సాయంత్రం ఖర్చులోదే. గురువారం చివరి మెట్రో రాత్రి ఒంటిగంటా పావు ప్రాంతంలో. శుక్ర, శనివారాల్లో ఇంకో గంట ఉంటుంది, గురువారానికి ఆ వెసులుబాటు లేదు. అది తప్పితే నోక్టిలియాన్ రాత్రి బస్సు ఉంది, నావిగో చెల్లుతుంది. ట్యాక్సీ ఎక్కితే నెల మొత్తం మిగిల్చింది అరగంటలో పోతుంది.

ఇప్పుడు రుణం వైపు నుంచి చూద్దాం. వారానికి 25 చొప్పున సగటున నెలకు అయ్యే 108 యూరోల నుంచి 45కు దిగితే 63 మిగులుతాయి. యూరోను వంద రూపాయలుగా పట్టుకుంటే 6,300 రూపాయలు. మీకు ఇంకా 18 నెలలు ఉందనుకుంటే 1,13,400. ఇంత మొత్తం 11 శాతం వడ్డీకి పదేళ్ల ఈఎంఐగా తీర్చాలంటే నెలకు దాదాపు 1,560 చొప్పున 1.87 లక్షలు కట్టాలి. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. మరోలా చూస్తే, ఫ్రాన్స్‌లో కనీస వేతనం కోతలు పోను గంటకు తొమ్మిది యూరోల పైచిలుకు చేతికొస్తుంది. ఎనిమిదిన్నర తర్వాత తాగిన ఒక్క పింట్ అంటే మీరు వారాంతంలో నిలబడి చేసిన దాదాపు ఒక గంట పని. విద్యార్థి వీసా మీద ఏడాదికి 964 గంటలే పని చేయనిస్తారు కాబట్టి ఆ గంటలు లెక్కపెట్టుకుని ఉన్నవే.

మిగిలిన 63 యూరోలు మీ ఖాతాలో ఉంటే ఇంకో ఖర్చు వాటిని వెతుక్కుంటూ వస్తుంది. నాన్నగారిని నెలకు ఆ మేరకు తక్కువ పంపమని చెప్పి, ఆ డబ్బు రుణం వడ్డీ కిందే బ్యాంకులో కట్టమనండి. 22 లక్షలూ విడుదలయ్యాక నెల వడ్డీ ఇరవై వేల చిల్లర ఉంటుంది, అందులో ఇది మూడో వంతుకు కాస్త తక్కువ. చదువు పూర్తికాకముందే నెలనెలా వడ్డీ మొత్తం కట్టేవాళ్లకు చాలా ప్రభుత్వ రంగ బ్యాంకులు వడ్డీ రేటులో ఒక శాతం వరకు తగ్గింపు ఇస్తాయి. మీ రుణపత్రంలో ఆ షరతు ఉందేమో కూడా చూడమనండి.

తక్కువ పంపమంటే ఆయన ఎందుకని అడుగుతారు. అడగనివ్వండి. ఒకటో తారీకున నెల ఖర్చుల జాబితా వాట్సాప్‌లో పెట్టండి. అద్దె, కిరాణా, ఫోన్, నావిగో, వాటి కింద "గురువారం స్నేహితులతో – 45" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆయన ఫోన్ చేస్తే పింట్ ధరతో సహా మొత్తం లెక్క చెప్పండి, వంద నుంచి 45కు ఎలా తెచ్చారో కూడా.