రింగు తిప్పే టార్చిలైటు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: తల కింద ఉన్న రింగును తిప్పితే వెలుతురు పెరిగీ తగ్గే టార్చిని బీచిలో వాడుతున్నాను. ఈమధ్య రింగు గరగరలాడుతూ, పట్టిపట్టి తిరుగుతోంది. కొబ్బరినూనె వేయవచ్చునా?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: నూనె వేయకండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. గడ్డకట్టకపోయినా కొన్నాళ్ళకు జిడ్డుగా మారి దుమ్మును పట్టి ఉంచుతుంది. ఇటువంటి టార్చీలలో చాలావాటికి రింగులో చిన్న అయస్కాంతం ఉంటుంది. రింగు ఎంత తిరిగిందో లోపలి సర్క్యూటు మీది హాల్ సెన్సార్ ఆ అయస్కాంతాన్ని బట్టి పసిగట్టి, ఎల్‌ఈడీకి వెళ్ళే కరెంటును మారుస్తుంది. రింగుకూ సర్క్యూటుకూ నడుమ రంధ్రం అవసరం లేదు కనుక నీరు చొరబడే దారి ఒకటి తగ్గుతుంది. అయితే మీ తీరంలో చిక్కు తెచ్చేది ఆ అయస్కాంతమే. భీమిలి నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ అనే ఖనిజాలతో పాటు అయస్కాంతానికి ఇట్టే అంటుకొనే మాగ్నటైట్ కూడా ఉంటుంది. టార్చిని ఇసుక మీద పెట్టినప్పుడల్లా ఆ రేణువులు రింగు అంచుకు అంటుకొని సందులోకి చేరతాయి, ఎంత కడిగినా ఒక పట్టాన వదలవు.

ముందుగా సెల్లు తీసివేయండి. రింగును విప్పే వీలున్న రకమైతే తెల్లగుడ్డ పరచి దాని మీద విప్పండి, ఎందుకంటే కొన్నింటిలో మెట్టు మెట్టుగా ఆగేందుకు పెట్టిన ఉక్కు గుండూ స్ప్రింగూ చటుక్కున ఎగిరిపోతాయి. అయస్కాంతానికి పట్టిన రేణువులను జిగురు టేపుతో అద్ది తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజును పలుచగా రాయండి. విప్పలేని రకమైతే టేపుతో, మెత్తని బ్రష్షుతో అంచు వెంబడి శుభ్రం చేయడమే మార్గం.

ప్రశ్న: రింగును ఆఫ్‌లోనే ఉంచినా, వాడకుండానే సెల్లు దిగిపోతోంది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వేరే స్విచ్చి లేని రింగు టార్చీలో ఆఫ్ అంటే వెలుతురు ఆగడమే, సెన్సార్ మాత్రం మేలుకొనే ఉండి కరెంటు తాగుతుంది. ఆ వాడకం 1 మిల్లీ ఆంపియర్ అనుకుంటే, 3000 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్లు దాదాపు నాలుగు నెలలకు ఖాళీ అవుతుంది. అంతకన్నా త్వరగా దిగిపోతుంటే సెల్లునే అనుమానించాలి: నిండా ఛార్జి చేసి, టార్చిలో పెట్టకుండా బయట ఉంచి, కొన్ని వారాల తరువాత వోల్టేజి బాగా పడిపోయిందేమో మల్టీమీటరుతో చూడండి. సెల్లు బాగున్నట్లు తేలితే, వాడనప్పుడు వెనక మూతను పావు చుట్టు వదులు చేయండి. మూత బిగించే మరలకు కరెంటును పారనివ్వని అనోడైజింగ్ పూత ఉంటేనే ఈ ఉపాయం పనిచేస్తుంది. మరలు తళతళలాడే ఉత్త లోహమైతే మూత వదులైనా కరెంటు పారుతూనే ఉంటుంది కనుక సెల్లు తీసి ఉంచడమే మేలు.

ప్రశ్న: వెలుతురు మరీ నీలంగా ఉంది. ఎల్‌ఈడీ మార్చవచ్చునా? ఒక 18650 సెల్లు బదులు రెండు పొట్టి సెల్లులు వేస్తే కాంతి పెరుగుతుందా?
– ఒక విద్యార్థి, హైదరాబాదు

జవాబు: రెండో ఆలోచన మానుకోండి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం సెల్లు. నిండుగా ఛార్జి అయినప్పుడు అది 4.2 వోల్టులు ఇస్తుంది. ఛార్జి చేసుకొనే పొట్టి సెల్లులు రెండు వరుసగా వేస్తే 8.4 వోల్టులు చేరతాయి. అంత వోల్టేజిని తట్టుకుంటుందని టార్చితో వచ్చిన కాగితంలో రాసి ఉంటే తప్ప సర్క్యూటు కాలిపోయే ప్రమాదం ఉంది.

ఎల్‌ఈడీ మార్పు మాత్రం చేయదగిన పనే. కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ. 6500 కెల్విన్ బదులు 4000 నుంచి 5000 కెల్విన్ మధ్యది, సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో తెలిపే, 100 గరిష్ఠంగా ఉన్న కొలత) 90కి పైగా ఉన్నది ఎంచుకోండి. వెలుతురు కొంత తగ్గినా ఎరుపు, గోధుమ రంగులు విడివిడిగా కనిపిస్తాయి. రాత్రి గట్టు మీద నడిచేవారికి అది చిన్న లాభం కాదు. పాతది 3 వోల్టుల రకమైతే కొత్తదీ అదే కావాలి, కొలతా సరిపోవాలి. ఎల్‌ఈడీ కూర్చున్న రాగి పలక కింద, వేడిని టార్చి తలకు చేరవేసే థర్మల్ పేస్టును పలుచగా పరచి బిగించి, మొదట రింగును కనిష్ఠంలో ఉంచి వెలిగించండి. తరువాత వెలుతురు పెంచి కొద్దిసేపు ఉంచినప్పుడు టార్చి తల వెచ్చబడకుండా కాంతి మాత్రం నీలంగా మారుతూ మసకబారితే, వేడి బయటికి రావడం లేదన్నమాట. వెంటనే ఆపి, పలకను మళ్ళీ విప్పి పేస్టు సరిచేయండి.